లప్పం పెట్టిన పగులు

పగులు కనిపిస్తే లప్పం అక్క చెయ్యి ఊరుకోదు. దాన్ని జబ్బనండి, పనితనమనండి, మీ ఇష్టం. ఒకసారి పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుంది. ఎదురు గోడ మీద కిటికీ మూల నుంచి ఒక పగులు కిందికి దిగుతోంది. కాసేపు కళ్లు పక్కకి తిప్పుకుంది. చేతులు నలుపుకుంది. ఆఖరికి లేచి, సంచిలోంచి డబ్బా తీసి, ఆ పగుల్ని శుభ్రంగా పూడ్చేసి, వచ్చి బుద్ధిగా తన కుర్చీలో కూర్చుంది. డాక్టరు బయటికొచ్చి "ఎవరు చేశారీ పని?" అని అరిస్తే బళ్లో పిల్లలా చెయ్యెత్తింది. పక్కనున్న తమ్ముడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మా అక్కతో బయటికెళ్లడమంటే నాకు ప్రాణసంకటం" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

లప్పం తెలుసుగా? గోడకి రంగు వేసే ముందు గుంటలూ గీతలూ పగుళ్లూ కప్పడానికి పట్టించే తెల్లటి ముద్ద. అది పట్టించడంలో ఆవిడని మించినవాళ్లు లేరు. అందుకే ఆ పేరు. తమ్ముడు పనులు ఒప్పుకుంటాడు, ఆవిడ గోడలు నున్నగా చేస్తుంది, తక్కినవాళ్లు రంగులు వేస్తారు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది. ఆవిడకి ఏ లోటూ కనిపించలేదు, సినిమా హాలు మేనేజరు కబురు పెట్టేదాకా.

ఊళ్లో పాత సినిమా హాలు ఒకటుంది. లోపలికి అడుగు పెట్టగానే వరసగా ఆరు పాలరాతి స్తంభాలు. పాలరాతివని జనం అనుకుంటారు గానీ, లోపలున్నది ఇటుకా సిమెంటూ. పైన కనిపించేదంతా రంగు. అడుగున పూసిన బూడిదరంగు నేల మీద తెల్లటి ఈనెలు, రాతిలో పుట్టి రాతిలోనే కలిసిపోయినట్టుంటాయి. టికెట్టు కోసం నిలబడ్డవాళ్లు చల్లగా ఉంటుందని వాటికి చెంపలు ఆనిస్తారు కూడా. వాటిని వేసింది ఆవిడ నాన్న. ఒక్కడే కాదు, ఇంకో మనిషితో కలిసి వేశాడు. ఆ ఇంకో మనిషి ఊసు ఇంట్లో ఎత్తకూడదు. ఎందుకు ఎత్తకూడదో అడగనూ కూడదు. ఆ పని అయిన కొన్నాళ్లకే ఇద్దరికీ చెడింది. "వాడి గడప తొక్కినవాళ్లు మళ్లీ నా గడప తొక్కక్కర్లేదు" అని నాన్న ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఈనెలు గీసే బ్రష్షు ముట్టుకోలేదు. మామూలు గోడలకి మామూలు రంగులు కొట్టి పిల్లల్ని పెంచాడు. కూతురికి లప్పం పట్టించడం నేర్పాడు, కొడుక్కి రోలరు పట్టుకోవడం నేర్పాడు. రాయిని గోడ మీదికి రప్పించే విద్య నేర్పమంటే మాత్రం "నాకు రాదు" అనేవాడు. ఎంత మొండి అబద్ధం! ఇప్పుడు నిజంగానే రాదు. చెయ్యి వణుకుతుంది, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. అయినా రోజూ సాయంత్రం హాలు దాకా నడిచి వెళ్తాడు. పుట్టి బుద్ధెరిగి పట్టుమని నాలుగు సినిమాలు చూడని మనిషి, పోస్టర్లు చూస్తున్నట్టు నటిస్తూ ఆ స్తంభాల దగ్గర నిలబడి వస్తాడు. "ఈ వయసులో నాన్నకి సినిమా పిచ్చి పట్టింది" అని తమ్ముడు నవ్వుతాడు. లప్పం అక్క నవ్వదు.

మొన్నటి వానలకి హాలు పైకప్పు కారింది. ఒక స్తంభం మీద రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడిపోయింది. మేనేజరు అక్కనీ తమ్ముణ్ణీ పిలిచి చూపించాడు.

"దీన్ని మిగతా వాటిలా చేయగలిగితే చేయండి. లేదంటారా, అన్నిటికీ ప్లాస్టిక్ పలకలు బిగించేస్తా. పలకలవాడు కొలతలు కూడా తీసుకుని వెళ్లాడు. రేపు పొద్దున్నకల్లా ఏ సంగతో తేల్చండి."

లప్పం అక్క రాలిన పెచ్చు ఒకటి ఏరి చేతిలోకి తీసుకుంది. పలకలు బిగిస్తే నాన్న ఇక సాయంత్రాలు ఎక్కడికి వెళ్తాడు? ఆయన చేతి పని అంటూ లోకంలో మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ గోడలు, ఎవరో ఒకరు పైన కొత్త రంగు కొట్టేశారు. ఆ స్తంభాలు కూడా పోతే ఆ మనిషి ఇంట్లో కూర్చుని గ్లాసు పట్టుకున్న చేతుల్ని చూసుకుంటూ ఉండిపోతాడు. ఆ ఊహకే ఆవిడకి ఏడుపొచ్చింది.

తమ్ముడికి ఏడుపు రాలేదు, ఉపాయం వచ్చింది. రంగుల కంపెనీ షోరూములో గోడల్ని పాలరాయిలా, చెక్కలా, ఇత్తడిలా మార్చే పెయింటింగ్ నేర్పుతున్నారట. ఇట్టే అయిపోయే క్లాసు. ఎల్లుండి మొదలు. ఈ సాయంత్రం షట్టరు దించేలోపు పేర్లిస్తే చాలు. అంతకుముందు కావాలంటే వచ్చి ఒకసారి చేసి చూసుకోవచ్చు. హాల్లోంచి అటే అక్కని లాక్కుపోయాడు.

షోరూము అద్దంలా మెరిసిపోతోంది. ట్రైనరు అమ్మాయి నవ్వుతూ తెల్ల పలక ముందు నిలబడి, రబ్బరు రోలరు ఒకటి తీసింది. దాని మీదే ఈనెలు చెక్కి ఉన్నాయి. రంగులో ముంచి పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది.

"చూశారా మేడమ్, మార్బుల్!"

"అబ్బో!" అన్నాడు తమ్ముడు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. లప్పం అక్క కూడా ఒక్క క్షణం మురిసిపోయింది. తర్వాత దగ్గరికి వెళ్లింది. గోడని దగ్గర్నుంచి చూడకపోతే ఆవిడకి చూసినట్టుండదు. ఒకచోట ఈనె చీలి చేపముల్లులా ఉంది. ఆవిడ చెయ్యి చాచి జాన వేసింది. జానెడు కింద మళ్లీ అదే ముల్లు. ఇంకో జాన. మళ్లీ అదే.

"ఇది మళ్లీ మళ్లీ వస్తోందేమ్మా?"

"రోలరు తిరుగుతుంది కద మేడమ్, వస్తుంది. అంత దగ్గర్నుంచి ఎవరు చూస్తారు?"

"నాన్న చూస్తాడు" అంది లప్పం అక్క.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. తమ్ముడికి అర్థమై, మోచేత్తో పొడిచి బయటికి తీసుకొచ్చాడు.

"అక్కా, బంగారం లాంటి అవకాశం. ఈ రోలరుతో అన్ని స్తంభాలూ కొట్టేద్దాం. ఒకేలా ఉంటాయి."

"అన్నీనా? నాన్న వేసిన వాటి మీద కూడానా?"

"మరి ఒకదానికొకటి కలవాలా వద్దా? రోలరు పాలరాయి పక్కన నాన్న పాలరాయి పెడితే తేడా తెలిసిపోదూ?"

"పలకలైతే ఎవడో కప్పుతాడురా. ఇదైతే మన చేత్తో మనమే కప్పాలి."

తమ్ముడూ చెడ్డవాడేం కాదు. పని పోకూడదు, ఇల్లు నడవాలి, అంతే వాడి గోల. "ఇంకో దారుందా మరి?" అన్నాడు.

"ఉంది. చారల మాస్టారు కూడా క్లాసు చెబుతాడుగా."

వీధిలో వెళ్తున్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా తమ్ముడు "అక్కా!" అన్నాడు. నాన్న ఊసెత్తనివ్వని మనిషి ఆ చారల మాస్టారే. "మతి గానీ పోయిందా నీకు? నాన్నకి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి బయటికి గెంటుతాడు. అయినా ఆయన ఎవరిని పడితే వాళ్లని చేర్చుకోడట. చెయ్యి చూసి చేర్చుకుంటాడట."

"చూడనీ. చెయ్యే కదా ఉన్నది నా దగ్గర."

"సరే, నీ ఖర్మ. షట్టరు దించే టైముకి ఫోన్ చేస్తా. ఏదీ తేలకపోతే ఇద్దరి పేర్లూ ఇక్కడే ఇచ్చేస్తా. తర్వాత నన్ననకు."

చారల మాస్టారి పనిశాల వడ్రంగుల వీధి చివర ఉంది. రంపప్పొట్టు వాసన దాటగానే, రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన మొదలవుతుంది. లప్పం అక్క గడప ముందు ఆగిపోయింది. నాన్న మాట చెవిలో గింగురుమంది. చెప్పులు విప్పింది, మళ్లీ తొడుక్కుంది, మళ్లీ విప్పింది. "ఏమైతే అదవుతుంది" అనుకుని లోపలికి అడుగేసింది. గడప దాటిన కాలు తనది కానట్టే అనిపించింది.

లోపలి గదిలో నలుగురైదుగురు శిష్యులు పలకల మీద వంగి ఉన్నారు. వాళ్ల మధ్య మాస్టారు, సన్నటి మనిషి, దారం కట్టిన కళ్లజోడు. మాట మాత్రం గరుకు.

"ఏం కావాలి?"

"క్లాసులో చేరదామని, మాస్టారూ."

"ఏం పని చేస్తావ్?"

"గోడల పని."

"ఎవరి తాలూకు?"

ఆవిడ "సొంతంగానే" అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మాస్టారు ఎగాదిగా చూశాడు. "వీళ్ల రంగు ఆరేలోపు నేను కదలడానికి లేదు. ముందు గదిలో కూర్చో. వచ్చి నీ చెయ్యి చూస్తా. నచ్చితే ఉంటావు, లేకపోతే లేదు. మొహమాటాలు నా దగ్గర లేవు."

ముందు గదిలో ఒక బెంచీ, వీధి తలుపు, ఒక చిన్న కిటికీ. వెలుతురు అంతంతమాత్రం. లప్పం అక్క సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ మనిషి కాదంటే రోలరే గతి. అవునంటే ఇంట్లో నాన్న. ఎటు చూసినా భయమే. కాళ్లు ఊపుకుంది. గోళ్లు చూసుకుంది. తలెత్తి ఎదురు గోడ వైపు చూసింది.

అక్కడ పగులుంది.

తలుపు చట్రం పైమూల నుంచి బయల్దేరి, వంకర తిరుగుతూ, సన్నపడుతూ నడుమెత్తు దాకా దిగింది. గోడంతా మంచి మీగడ రంగు, ఈమధ్యే వేసినట్టుంది. పగులుకి అటూ ఇటూ బెత్తెడు మేర మాత్రం కొత్త రంగు తగల్లేదు. పాత సున్నం మాసి, నల్లబడి, పట్టీలా కనిపిస్తోంది. లప్పం అక్కకి ఒళ్లు మండింది. ఇంత పేరున్న మాస్టారు! పగులు పూడ్చే ఓపిక లేక చుట్టూ రంగు కొట్టి వదిలేశాడా! ఇలాంటి గోడ పెట్టుకుని పక్కవాళ్ల చేతులు చూస్తాడా!

ఆవిడ కళ్లు పక్కకి తిప్పుకుంది. మళ్లీ అటే పోయాయి. లోపల మాస్టారు ఎవర్నో కసురుతున్నాడు. ఎలాగూ చెయ్యి చూస్తానన్నాడుగా, చూడనీ, అనుకుంది. ఇంకేముంది, సంచిలోంచి లప్పం డబ్బా వచ్చింది, లప్పం పట్టే ఇనప రేకు వచ్చింది. మామూలుగా అయితే పగుల్ని ముందు రేకు కొసతో గీకి, నోరు వెడల్పు చేసి అప్పుడు పూడ్చాలి. ఆ రోజు కంగారు. ఎవరైనా వస్తారేమోనని గీకకుండానే పైనుంచి కింది దాకా పట్టించేసింది. రెండు లాగులు, మూడో లాగుకి నున్నగా అయిపోయింది. వచ్చి బెంచీ మీద కూర్చుంది.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, వెనక శిష్యులు. "ఏదీ, నీ..." అంటూ ఆగిపోయాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్లాడు. చెయ్యి ఎత్తాడు గానీ ముట్టుకోలేదు.

"ఇక్కడ గీత ఉండాలి."

"పగులా, మాస్టారూ? ఊరికే కూర్చోలేక పూడ్చేశా. గీత కూడా కనిపించదు, చూడండి."

"అది పగులు కాదు."

ఆవిడ నవ్వబోయింది. ఆయన మొహం చూసి నవ్వు గొంతులోనే ఆగింది.

"అది వేసిన పగులు. రంగుతో వేసింది. ఆ గోడలో పగులు లేదు."

లప్పం అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ఊళ్లో గోడలన్నీ తడిమిన చెయ్యి, ఏది పగులో ఏది గీతో గుర్తుపట్టలేకపోయింది! ఒక శిష్యుడు కిసుక్కుమన్నాడు. మాస్టారు తిరిగి చూసిన చూపుకి వాడు గోడకి అతుక్కుపోయాడు. ఆయన అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. బెంచీ మీద కూలబడి, "ఎంతసేపైంది?" అన్నాడు.

"ఇప్పుడే, మాస్టారూ."

"గట్టిపడితే ఇక ఎవరి వల్లా కాదు."

ఒక శిష్యురాలు తడిగుడ్డ తీసుకుని గోడ మీదికి పరిగెత్తింది. "ముట్టుకోకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు, మాస్టారూ లప్పం అక్కానూ. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ రంగుతో వేశారు? నూనె రంగా, నీళ్ల రంగా?" ఆవిడ అడిగింది. నూనె రంగయితే తడిగుడ్డకి తట్టుకుంటుంది. నీళ్ల రంగయితే లప్పంతో పాటే అదీ వచ్చేస్తుంది.

"తెలియదు. వేసింది నేను కాదు. ఇంతకుముందోసారి లప్పం కిందికి వెళ్లి వచ్చింది. తీసిన చెయ్యీ నాది కాదు. ఎలా తీశాడో నేను చూడలేదు. అప్పుడు కోపంలో ఉన్నాను." ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "పాడుచేసినదానివి నువ్వు. తియ్యాల్సిందీ నువ్వే."

ఇంక క్లాసు లేదు, స్తంభం లేదు, ఏమీ లేదు. ఆ గోడ ఒక్కటే ఉంది. లప్పం అంచులు అప్పుడే తెల్లబారుతున్నాయి. తెల్లబారిందంటే బిగుస్తున్నట్టు లెక్క. ఆవిడ చెంగు బిగించి, స్పాంజి తడిపి, గట్టిగా పిండింది. గీత తోక ఎక్కడో గుర్తు తెచ్చుకుని, పోతే తోకే పోతుందని అక్కడ మొదలుపెట్టింది. రుద్దలేదు. అద్ది, ఆగి, ఎత్తింది. స్పాంజికి తెలుపు అంటింది. మళ్లీ అద్దింది. తెలుపు. మూడోసారి ఎత్తితే స్పాంజి మీద గోధుమ రంగు చార.

వెనక ఎవరో "అయిపోయింది" అన్నారు.

ఆవిడ గోడ వైపు చూడ్డానికి ధైర్యం చాలక స్పాంజినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వంగింది. గీత ఉంది. వెంట్రుకంత తోక, చెక్కుచెదరకుండా ఉంది. స్పాంజికి అంటింది ఇన్నేళ్ల మసి.

"నూనె రంగే" అంది.

అక్కణ్ణుంచి పైకి ఎక్కడం మొదలైంది. తడి అద్దడం, లప్పం మెత్తబడ్డాక ఇనప రేకుని పరుపులా పడుకోబెట్టి అంచు కింద నుంచి ఎత్తడం. కాస్త గట్టిగా నొక్కితే గీరుకుపోతుంది, మెల్లగా చేస్తే పైభాగం బిగిసిపోతుంది. చెమట కళ్లల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. మాస్టారు లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. గోడని చూడటం లేదు. ఆవిడ చేతినే చూస్తున్నాడు.

"బొటనవేలు రేకు నడిమధ్యలో పెట్టి పట్టుకుంటున్నావే. అందరూ పిడి మీద పెడతారు. ఎవరు నేర్పారు?"

ఆవిడ రేకు ఆపలేదు.

"నిన్నే. ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"మీ నాన్న ఎవరు?"

అబద్ధం చెబితే చేర్చుకుంటాడేమో. నిజం చెబితే ఇక్కణ్ణుంచీ గెంటేస్తాడు, ఇంట్లోంచి నాన్న ఎలాగూ గెంటేస్తాడు. కానీ చేతిలో రేకు, కింద సున్నితమైన గీత. అబద్ధం ఆలోచించే తీరిక ఆవిడకెక్కడిది?

"సన్నగీత అనేవాళ్లట ఒకప్పుడు."

ఆవిడ తిరిగి చూడలేదు. తలుపు చట్రం దాకా పని పూర్తిచేసి, ఆఖరి తెలుపు ఎత్తి, రెండడుగులు వెనక్కి వేసింది. పగులు మళ్లీ గోడ మీదికొచ్చింది. ఇప్పుడు తెలుస్తోంది, ఒక పక్క నల్లటి నీడ గీత, రెండో పక్క వెలుగు తగిలినట్టు లేత గీత. అది రంగని తెలిసి చూస్తున్నా వేలు లోపలికి దిగేలా ఉంది. గీకకుండా లప్పం పెట్టించిన తన కంగారుకి లప్పం అక్క మనసులోనే దండం పెట్టింది. రోజూలా గీకి ఉంటే ఈ పాటికి అక్కడ ఏమీ మిగిలేది కాదు.

"మీ నాన్న వేసిందే" అన్నాడు మాస్టారు. "ఈ పనిశాల మా ఇద్దరిదీ. క్లాసు మొదలుపెట్టిన రోజు, గది నిండా పిల్లలు. పాఠం చెబుతూ చెబుతూ ఆ పగులు చూశాను. కొత్త గోడకి పగులేంటని లప్పం తెచ్చి పూడ్చాను. పూడ్చడం అయ్యేదాకా ఆగి మీ నాన్న పగలబడి నవ్వాడు. పిల్లలంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అతని బ్రష్షులన్నీ తీసుకెళ్లి వీధిలో విసిరేశాను. అతను మారు మాట్లాడకుండా గోడ తుడిచి, వీధిలో వంగి ఒక్కొక్క బ్రష్షూ ఏరుకుని వెళ్లిపోయాడు." మాస్టారు గోడ వైపు తిరిగాడు. "ఆ తర్వాత ఈ గోడకి చాలాసార్లు రంగు వేశాను. దాన్ని మాత్రం వదిలేసి వేశాను."

"వచ్చి ఒక్క మాట చెప్పాల్సింది, మాస్టారూ."

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావ్?"

లప్పం అక్కకి కోపం, జాలి ఒకేసారి వచ్చాయి. ఇద్దరు పెద్దమనుషులు, ఒక గీత, ఇన్నేళ్లు! గట్టిగా ఒక మాట అనేద్దామనుకుంది. అనలేదు. స్తంభం సంగతి చెప్పింది. పలకల సంగతి, రేపు పొద్దున్న సంగతి, పోస్టర్లు చూసే నాన్న సంగతి, అన్నీ చెప్పేసింది. మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నిన్ను చేర్చుకోనని ఎవరన్నారు? నీ మొదటి పాఠం ఆ స్తంభం మీదే. రేపు పొద్దున్నే వస్తా. కానీ ఒక చిక్కుంది. అందులో బూడిదరంగు నేల నాది. ఈనెలు మీ నాన్నవి. నేల నేను నేర్పుతా. ఈనె ఎక్కడ పుట్టి ఎటు తిరుగుతుందో ఆయన పక్కనుండి చెబితే తప్ప నా వల్ల కాదు. ఆయన రాకపోతే ఆ పని ఒప్పుకోకు. చెడగొడతాం."

అప్పుడే ఫోన్ మోగింది. "అక్కా, షట్టరు దించుతున్నారు. పేర్లు ఇవ్వనా వద్దా? త్వరగా చెప్పు!"

నాన్న వస్తాడా? ఈ గడప తొక్కానని తెలిస్తే ముందు తననే గుమ్మం ఎక్కనిస్తాడా? రాకపోతే రేపు మేనేజరుకి చెప్పడానికి రోలరు కూడా ఉండదు. పలకలవాడొచ్చి మేకులు కొట్టేస్తాడు. ఆవిడ గోడ మీది పగులు వైపు చూసింది.

"నా పేరు ఇవ్వకు. నేనిక్కడ చేరిపోయాను" అని పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు ముందు గదిలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. తన పేరు కూడా ఇచ్చి రాలేదట. అక్క లేని క్లాసు తనకెందుకట. నాన్న అప్పుడే హాలు దగ్గర్నుంచి వచ్చినట్టున్నాడు, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు. కూతురు దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చాడు.

"అవిసె నూనె వాసన. ఏ ఇంటికి వెళ్లొచ్చావ్?"

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. లప్పం అక్క గుమ్మంలోనే నిలబడింది, ఎందుకైనా మంచిదని.

"చారల మాస్టారి దగ్గరికి, నాన్నా. క్లాసులో చేరదామని. హాలు స్తంభం ఒకటి పాడైంది, చూసే ఉంటావు. అన్నిటికీ పలకలు బిగిస్తారట."

గ్లాసు ఆగింది. నాన్న తలెత్తలేదు. "నేను ఒకప్పుడు ఒక మాట చెప్పాను."

"చెప్పావు. అందుకే ఇక్కడే నిలబడ్డా. వెళ్లమంటే వెళ్తా. ముందు ఇంకోటి కూడా విను. అక్కడ ఆయన కోసం కూర్చుంటే, తలుపు పక్క గోడ మీద పగులు కనిపించింది." ఆవిడ ఆగింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "లప్పం పెట్టేశాను, నాన్నా."

నాన్న భుజాలు కదిలాయి. గ్లాసులో టీ తొణికి లుంగీ మీద పడింది. కోపం ముంచుకొచ్చిందనుకుని తమ్ముడు గ్లాసు అందుకోవడానికి లేచాడు. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా మొదలై దగ్గు దాకా వెళ్లిన నవ్వు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వు కూడానా! నా కూతురివి, నువ్వు కూడా పూడ్చావా! కనీసం గీకి చూడలేదూ?"

"లేదు నాన్నా. గీకి ఉంటే పోయేది. తడి అద్ది తీశాను. గీత అలాగే ఉంది."

"ఉందా?" నవ్వు కొంచెం తగ్గింది. "అదెలా ఉంటుంది? వాడు ఆ మర్నాడే గోడకి రంగు కొట్టి ఉంటాడుగా."

"కొట్టాడు నాన్నా. చాలాసార్లు కొట్టాడు. నీ గీత వదిలేసి, చుట్టూ కొట్టాడు. బెత్తెడు మేర పాత సున్నం అలాగే ఉంది."

నాన్న నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు, జాగ్రత్తగా, రెండు చేతులతోనే. ఖాళీ అయిన చేతులు ఒళ్లో వణుకుతుంటే వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు జారి ఆ చేతుల మీదే పడ్డాయి. పిల్లలిద్దరూ ఆయన ఏడవగా ఎప్పుడూ చూడలేదు.

"క్లాసెక్కడ?" అన్నాడు నాన్న కళ్లు తుడుచుకుంటూ.

"హాల్లోనే. రేపు పొద్దున్న, స్తంభం దగ్గర. ఈనెలు నువ్వు చెప్పకపోతే ఆయన ముట్టుకోనన్నాడు."

"హాలు గడప వాడిది కాదుగా" అన్నాడు నాన్న. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఆ మేనేజరుకి ఫోన్ చెయ్. పలకలవాణ్ణి వేరే పని చూసుకోమను." మళ్లీ కూతురి వైపు. "ఆ బూడిదరంగులో వాడు నీలం ఎక్కువ కలుపుతాడు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. నువ్వు పక్కనుండి చూడాలి. లోపలికి రా, ఇంకా గుమ్మంలో ఏంటి?"

లప్పం అక్క లోపలికి వచ్చింది. ఆయన లేచి, మంచం కింద వంగి ఏదో వెతుకుతున్నాడు.

"ఏం కావాలి నాన్నా? క్లాసు రేపు."

"తెలుసులే" అన్నాడు మంచం కింది నుంచే. "బ్రష్షులు ఎక్కడ పెట్టానో చూస్తున్నా."